37 ఏళ్ల వయసులో కుంగ్‌ఫూ మొదలుపెట్టాలనుకుంటున్నాను. ఈ రెండు క్లాసుల్లో ఏది?

బెజవాడ_శిష్యుడు అడిగినది:

నమస్కారం అండి. మాది విజయవాడ. వయసు 37. బ్యాంకులో క్యాష్ కౌంటర్ దగ్గర ఉద్యోగం, అంటే రోజంతా కుర్చీలోనే.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా స్కూల్ గ్రౌండ్‌లో సాయంత్రాలు కుంగ్‌ఫూ క్లాసులు జరిగేవి. గోడ అవతల నిలబడి చూసేవాణ్ణి. నెలకు యాభై రూపాయల ఫీజు. నాన్నను అడిగితే పదో తరగతి అయ్యాక చూద్దాంలే అన్నారు. తర్వాత ఇంటర్, డిగ్రీ, బ్యాంకు పరీక్షలు, పెళ్లి, పాప. 23 ఏళ్లు గడిచిపోయాయి. పోయిన నెల రక్తపరీక్షలో షుగర్ బోర్డర్‌లో ఉందని చెప్పి, ఏదో ఒక వ్యాయామం మొదలుపెట్టమన్నారు డాక్టర్ గారు. జిమ్‌లో ఇదివరకు రెండుసార్లు చేరి మానేశాను. ఈసారి నాకు నిజంగా ఇష్టమైనదే చేయాలనుకున్నాను.

మా ఇంటికి అందుబాటులో రెండు క్లాసులు ఉన్నాయి. మొదటిది ఒక స్కూల్ గ్రౌండ్‌లో, ఉదయం ఐదున్నరకు. నలభై మంది దాకా ఉంటారు, ఎక్కువగా పిల్లలే. తెల్ల డ్రెస్, రంగురంగుల బెల్టులు. కిక్‌లు, నన్‌చాక్ (గొలుసుతో కలిపిన రెండు పొట్టి కర్రలు) తిప్పడం, స్ప్లిట్స్ చేయించడం చూశాను. నెలకు 800, బెల్టు పరీక్షకు వేరే ఫీజు.

రెండోది ఇంటికి నాలుగు కిలోమీటర్లు. రెండో అంతస్తులో ఒక చిన్న హాలు. బోర్డు మీద వింగ్ చున్ కుంగ్‌ఫూ అని ఉంది. వారానికి మూడు సాయంత్రాలు, నెలకు 2,000. ఆరేడుగురే ఉన్నారు. ఒక గంట కూర్చుని చూశాను. అందులో అరగంట సేపు అందరూ మోకాళ్లు కొంచెం వంచి ఒకేచోట నిలబడి, చేతులు చాలా నెమ్మదిగా ముందుకీ వెనక్కీ కదిపారు. ఒక్క కిక్ కూడా లేదు. తర్వాత ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలబడి ముంజేతులు ఆనించుకుని తిప్పుతూ ఉన్నారు. ఇదేం కుంగ్‌ఫూ అనిపించింది, కానీ వాళ్ల ముఖాల్లో ఉన్న శ్రద్ధ చూస్తే లేచి రాబుద్ధి కాలేదు.

రెండిటినీ కుంగ్‌ఫూ అనే అంటున్నారు, మరి ఇంత తేడా ఎందుకు? ఈ వయసులో మొదలుపెడితే ఏమైనా వస్తుందా? నాకు కళ్లజోడు ఉంది, మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి పెడుతుంది. దెబ్బ తగిలితే మర్నాడు బ్యాంకుకు ఎలా వెళ్తారని మా ఆవిడ అడుగుతోంది. ఇంకొకటి, కుంగ్‌ఫూ మన బౌద్ధ భిక్షువు బోధిధర్ముడు చైనాకు తీసుకెళ్లి నేర్పిన విద్యేనని మా కొలీగ్ అంటున్నాడు. నిజమేనా?

జవాబు, కర్రసాము_మనవడు:

వయసు గురించి టెన్షన్ పెట్టుకోకండి. మా తాతగారు విజయనగరం దగ్గర మా ఊళ్లో కర్రసాము నేర్పేవారు. పొలం పనులు చేసుకునే నలభై ఏళ్లవాళ్లు కూడా వచ్చి నేర్చుకునేవారు. చేరిన మొదటి నెల ఎవరి చేతికీ కర్ర ఇచ్చేవారు కాదు. కాళ్లు మాత్రమే. అడుగు ఎలా వేయాలి, బరువు ఏ కాలి మీద ఉండాలి, వెనక్కి తిరిగేటప్పుడు మడమ ఎటు పోవాలి, అంతే. కుంగ్‌ఫూ గురించి నాకు పెద్దగా తెలియదు. కానీ మొదటి రోజే చేతికి నన్‌చాక్ ఇచ్చే చోటు కన్నా అరగంట నిలబెట్టే చోటు మీదే నాకు నమ్మకం ఎక్కువ.

జవాబు, కౌలూన్_తెనాలి:

తమ్ముడూ, వయసులో మీకన్నా పెద్దదాన్ని కాబట్టి అలా పిలుస్తున్నాను. నాకు 43. మాది తెనాలి. మా వారి ఉద్యోగం కోసం హాంకాంగ్ వచ్చి పదకొండేళ్లయింది. ఇక్కడే వింగ్ చున్ నేర్చుకుంటున్నాను. మొదలుపెట్టినప్పుడు నా వయసు 36. మీ ప్రశ్న చదువుతుంటే ఆ మొదటి వారాలన్నీ కళ్ల ముందుకు వచ్చాయి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ తేడా సంగతి. కుంగ్‌ఫూ అనేది ఒక్క విద్య పేరు కాదు. చైనా భాషలో ఆ మాటకు అసలు అర్థం, కాలం పెట్టి కష్టపడి సంపాదించిన నేర్పు. వంటవాడికీ ఉండొచ్చు, కుంచెతో అక్షరాలు రాసేవాడికీ ఉండొచ్చు. మన సంగీతం వాళ్లు సాధన అంటారే, దానికి దగ్గర. పోరాట విద్యలకు వాళ్లు మామూలుగా వాడే మాట వూషూ. దాని కింద వందల రకాల పద్ధతులున్నాయి. "దక్షిణాన పిడికిలి, ఉత్తరాన కాలు" అని చైనాలో ఒక నానుడి. ఉత్తరాది పద్ధతుల్లో పెద్ద పెద్ద అంగలు, ఎత్తు కిక్‌లు, గెంతులు ఎక్కువ. దక్షిణాన, అంటే హాంకాంగ్, గ్వాంగ్‌డాంగ్ వైపు, దగ్గరగా నిలబడి చేతులతో పనిచేసే పద్ధతులు ఎక్కువ. వింగ్ చున్ ఆ దక్షిణాది విద్య. దాంట్లో కిక్‌లు ఉన్నాయి కానీ నడుము దాటి పైకి వెళ్లడం అరుదు. మీరు చూసిన గంటలో ఒక్కటీ కనిపించకపోవడంలో వింత లేదు.

వాళ్లు నెమ్మదిగా చేసింది సియూ నిమ్ టావ్ అనే మొదటి ఫారమ్. ఫారమ్ అంటే ఒక వరసలో చేసే కదలికల కూర్పు. పేరుకు అర్థం "చిన్న ఆలోచన". వింగ్ చున్‌లో ఒట్టి చేతులతో చేసే ఫారమ్‌లు మూడే మూడు. సియూ నిమ్ టావ్, చుమ్ కియూ, బియూ జీ. తర్వాత చెక్క బొమ్మ మీద సాధన, పొడుగు కర్ర, జంట కత్తులు. అంతే. నాకు ఏడేళ్లు గడిచినా మూడో ఫారమ్ ఇంకా మొదలుపెట్టలేదు. చెక్క బొమ్మను మూడో ఏడాదిలో మొదటిసారి ముట్టుకున్నాను. తొందరలేని విద్య అని ముందే తెలిస్తే మనసు కుదుటపడుతుంది, అందుకే చెబుతున్నాను.

మా క్లాసు హాంకాంగ్‌లోని కౌలూన్‌లో ఒక పాత బిల్డింగ్ నాలుగో అంతస్తులో. లిఫ్ట్ లేదు. గోడ మీద వింగ్ చున్ గురువు ఇప్ మాన్ ఫోటో, దాని ముందు అగరుబత్తి. ఆయన 1893లో దక్షిణ చైనాలోని ఫోషాన్‌లో పుట్టారు. హాంకాంగ్ వచ్చాక 1950లో రెస్టారెంట్ కార్మికుల సంఘం చోటులో నేర్పడం మొదలుపెట్టారు. బ్రూస్ లీ కుర్రాడిగా ఉన్నప్పుడు నేర్చుకున్నది ఆయన దగ్గరే. 1972లో పోయారు. ఈ విద్య ప్రపంచమంతా పాకడానికి హాంకాంగ్‌లో ఆయన నేర్పిన ఆ ఇరవై ఏళ్లే కారణం. ఆ మొదటి విద్యార్థుల్లో చాలామంది హోటళ్లలో పని చేసుకునే మనుషులని తెలిసినప్పుడు నాకు ఎంత ధైర్యం వచ్చిందో. ఆఫీసు నుంచి అలసిపోయి ఆ నాలుగు అంతస్తులు ఎక్కిన రోజుల్లో ఆ సంగతే గుర్తు చేసుకునేదాన్ని.

మొదటి రోజు ఇరవై నిమిషాలు నిలబెట్టారు. పాదాల వేళ్లు కొంచెం లోపలికి, మోకాళ్లు కొంచెం వంచి, నడుము నిటారుగా. మోకాళ్ల మధ్య మేకను పట్టుకుని నిలబడినట్టు ఉండాలి, ఆ నిలుపు పేరులోనే ఆ మాట ఉంది. పది నిమిషాలకు తొడలు వణికాయి. అది నేను ఊహించిందే. ఊహించనిది భుజాలు. మా సీఫూ, అంటే గురువు, వచ్చి నా భుజం మీద రెండు వేళ్లు ఆనించి "ఫోంగ్ సుంగ్" అన్నారు. వదులు చెయ్యి అని. వదిలేశాను అనుకున్నాను. మళ్లీ వచ్చి ఆనించారు. మళ్లీ అదే మాట. ఆ మొదటి నెలలో నేను నేర్చుకున్న కాంటనీస్, అంటే ఇక్కడి భాష, ఆ రెండు ముక్కలే. ఆరో వారంలో ఇంట్లో పచ్చడి నూరుతుంటే అర్థమైంది. రోటి ముందు కూర్చుని భుజం బిగించి నూరితే పది నిమిషాలకే చెయ్యి పడిపోతుంది. మా అమ్మ గంట సేపు నూరేది, భుజం కదిలేదే కాదు. బరువంతా మోచేతి నుంచి కిందికి దిగేది. సీఫూ నా దగ్గర అడుగుతున్నదీ అదే. వదులు అంటే నీరసంగా వేలాడేయడం కాదు, అక్కర్లేని చోట బిగించకపోవడం.

ఫారమ్ మొదటి భాగాన్ని అందుకే అంత నెమ్మదిగా చేయిస్తారు. మోచేయి ఛాతీ మధ్య గీతకు దగ్గరగా ఉంటూ, అరచేయి పైకి తిప్పి ముందుకు వెళ్లడం టాన్ సావ్. మణికట్టు వంచి చెయ్యి ముందుకు వెళ్లడం ఫూక్ సావ్. ఆ ఫూక్ సావ్ మూడుసార్లు వస్తుంది కాబట్టి ఆ భాగాన్ని "బుద్ధుడికి మూడు నమస్కారాలు" అంటారు. వేగంగా చేస్తే భుజం ఎక్కడ దొంగతనంగా పని చేస్తోందో తెలియదు. నెమ్మదిగా చేస్తే దాక్కోవడానికి దానికి చోటుండదు.

రెండో నెలలో పంచ్. పిడికిలి నిలువుగా ఉంటుంది, ఛాతీ మధ్య నుంచి సూటిగా వెళ్తుంది. గాలిలోకి వందలసార్లు. మూడో నెలలో జంటగా పాక్ సావ్, అంటే ఎదుటివాళ్ల పంచ్‌ను అరచేత్తో పక్కకు తట్టడం. నా జత ఒక 24 ఏళ్ల అమ్మాయి. నేను ఆమెను పేరు పెట్టి పిలిస్తే పక్కనున్న పెద్దాయన సున్నితంగా సరిదిద్దారు. ఆ అమ్మాయి నాకన్నా ముందు చేరింది కాబట్టి నాకు "సి జే", అంటే అక్క. వయసుతో పని లేదు. అన్న సి హింగ్, తమ్ముడు సి దాయ్, చెల్లెలు సి మూయ్. సీఫూ అన్న మాటలోనే తండ్రి అనే అర్థం ఉంది. పరాయి దేశంలో, భాష రాని ఆ గదిలో వరసలు కలిపి పిలుచుకుంటున్నారని తెలిసిన రోజు నాకు ఇంటికి వచ్చినట్టే అనిపించింది. తెనాలిలో మా వీధి గుర్తొచ్చింది. మీ క్లాసులో పదిహేనేళ్ల పిల్లాడు మీకు అన్న కావచ్చు. సంతోషంగా పిలవండి.

మీరు చివర చూసిన ముంజేతులు తిప్పడం చీ సావ్, అంటే అంటుకునే చేతులు. వింగ్ చున్‌కు అదే గుండెకాయ. ఎదుటి మనిషి ముంజేయి మీ ముంజేతికి ఆని ఉంటుంది. వాళ్లు ఎటు నెడుతున్నారో, ఎక్కడ ఖాళీ వదిలారో కంటితో కాకుండా చర్మంతో పట్టుకోవాలి. చాలా దగ్గర నుంచి వచ్చే దెబ్బను కన్ను చూసి, ఆలోచించి, చెయ్యి కదిలించేలోపు ఆలస్యమైపోతుంది. అందుకని ఆ పనిని చేతికే అప్పగిస్తారు. మొదట ఒక్క చేత్తో, తర్వాత రెండు చేతులతో. నాకు ఎనిమిదో నెలలో ఒక రోజు, మా సి జే ఒత్తిడి వదిలిన క్షణంలో నా చెయ్యి దానంతట అదే ముందుకు వెళ్లి ఆమె ఛాతీ ముందు ఆగింది. నేను పంపలేదు. ఆమె నవ్వి తల ఊపింది. ఆ రాత్రి ఇంటికి నడిచి వెళ్తూ మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

వింగ్ చున్‌లో నాకు కనిపించిన లోటు కూడా చెప్పాలి. కింద పడి పెనుగులాడటం ఇందులో దాదాపు లేదు. కొన్ని క్లాసుల్లో చీ సావ్ దగ్గరే ఆగిపోతారు. ఎదుటివాడు నిజంగా కొట్టడానికి వస్తే ఏమవుతుందో ఎప్పుడూ పరీక్షించుకోరు. మా దగ్గర రెండో ఏడాది నుంచి గ్లవ్స్ వేసుకుని చేయించేవారు. అది లేకపోతే నాకు చాలా అపోహలు మిగిలిపోయేవి. కాబట్టి ఆ మాస్టారిని ఈ మాట తప్పకుండా అడగండి. ఎవరి దగ్గర, ఎన్నేళ్లు నేర్చుకున్నారో కూడా అడగండి. కుంగ్‌ఫూలో గురు పరంపర చెప్పడం గౌరవం. నిజంగా నేర్చుకున్నవారు తడుముకోకుండా, ఇష్టంగా చెబుతారు. విసుక్కున్నారంటే నేనైతే చేరను. ఒక్కసారిగా ఏడాది ఫీజు మాత్రం కట్టకండి.

జవాబు, ఓరుగల్లు_సాందా:

అన్నా, నేను ఆరేళ్లు వూషూ ఆడాను. సాందా విభాగం. రాష్ట్ర స్థాయి దాకా వెళ్లాను, తర్వాత ఉద్యోగం వల్ల మానేశాను. అక్క చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తాను. నేను వేరే వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

ఆట పోటీగా జరిగే వూషూలో రెండు భాగాలు. తావ్‌లూ అంటే ఫారమ్ ప్రదర్శన, మార్కులు వేస్తారు. సాందా అంటే ఎదురెదురుగా పోరు. పంచ్, కిక్, ఎత్తి పడేయడం మూడూ ఉంటాయి. రౌండుకు రెండు నిమిషాలు, మూడింట్లో రెండు గెలవాలి. మణిపూర్ అమ్మాయి రోషిబినా దేవి 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 60 కిలోల సాందాలో వెండి పతకం గెలిచింది. ఆ రోజు మా పాత జట్టు వాళ్లందరం ఫోన్లు చేసుకున్నాం. ఇలా చెబితే గానీ మన వైపు చాలామందికి ఈ ఆట ఒకటుందని తెలియదు, అదే నా బాధ.

నీకు ఆత్మరక్షణే ముఖ్యమైతే, దెబ్బ తినడం, తప్పించుకోవడం మొదటి ఏడాదిలోనే అలవాటు కావాలంటే, సాందా నేర్పే చోటు వెతుకు. ఆరోగ్యం, ఇష్టం, నిదానంగా లోతు చూడటం ముఖ్యమైతే ఆ రెండో అంతస్తు క్లాసు. నువ్వు రాసినదాన్ని బట్టి నీకు రెండోదే సరిపోతుందనిపిస్తోంది.

మొదటి క్లాసును నేను తక్కువ చేయను. తెల్లవారుజామున నలభై మంది పిల్లల్ని గ్రౌండ్‌కు రప్పిస్తున్న మాస్టారికి దండం పెట్టాలి. కానీ బెల్టులు చైనా సంప్రదాయం కాదు, జపాన్‌లో జూడోతో మొదలయ్యాయి. నన్‌చాక్ జపాన్‌లోని ఒకినావా దీవుల వైపు ఆయుధం, బ్రూస్ లీ వల్ల ప్రపంచానికి తెలిసింది. మన ఊళ్లల్లో చాలా చోట్ల కరాటే, కుంగ్‌ఫూ కలిపి కుంగ్‌ఫూ పేరుతో నేర్పుతారు. తప్పని కాదు, తెలిసి చేరితే మంచిది. ఆ క్లాసులో మాబు, గోంగ్‌బు లాంటి నిలుపులు నేర్పుతున్నారా, వూబూచువాన్ అనే ఐదు నిలుపుల ఫారమ్ చేయిస్తున్నారా చూడు. అవి ఉంటే పునాది ఉన్నట్టే.

బోధిధర్ముడి సంగతి. కుంగ్‌ఫూకు పేరుపడ్డ చైనాలోని షావోలిన్ గుడిని 495లో కట్టించింది భారతదేశం నుంచి వెళ్లిన బటువో అనే భిక్షువు కోసం. అంటే మన సంబంధం ఉన్నమాట నిజమే. బోధిధర్ముడు ఆ తర్వాతివాడు. ఆయన దక్షిణ భారతం నుంచి వచ్చాడని ఒక పాత రచన, పర్షియా వైపు నుంచి వచ్చాడని ఇంకా పాతదైన 547 నాటి రచన చెబుతున్నాయి. ఆయన షావోలిన్ సన్యాసులకు వ్యాయామం నేర్పాడన్న కథ మాత్రం 17వ శతాబ్దపు ఒక పుస్తకంతో మొదలైంది. మధ్యలో వెయ్యేళ్ల ఖాళీ ఉంది. ధ్యాన సంప్రదాయానికి ఆయన మూలపురుషుడు, ఆ గౌరవం చాలు. మీ కొలీగ్‌కు చెప్పు, చైనా రైతులూ సైనికులూ సన్యాసులూ వందల ఏళ్లు చెమటోడ్చి కట్టుకున్న విద్యను మనం ఒక్క మాటతో మనదనేస్తే వాళ్ల కష్టం ఎటు పోవాలి?

జవాబు, గోదావరి_ఫిజియో:

మోకాలు నొప్పి అన్నారు కాబట్టి రాస్తున్నాను. రాజమండ్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను.

మెట్లు దిగేటప్పుడు నొప్పి అంటే చాలామందిలో మోకాలిచిప్ప ముందు భాగం మీద ఒత్తిడి వల్ల వస్తుంది. తొడ, తుంటి కండరాలు బలపడితే తగ్గే అవకాశం ఎక్కువ. కానీ ముందు ఒకసారి డాక్టరుకు చూపించుకోండి. నిలబడే సాధన మీకు మేలు చేయవచ్చు, ఎత్తులో మొదలుపెడితే. మొదటి నెల కొద్దిగా మాత్రమే వంగండి. తొడ నేలకు సమాంతరంగా రావాలని ఎవరన్నా ఒప్పుకోకండి. మోకాలు ఎప్పుడూ పాదం రెండో వేలి దిశలోనే ఉండాలి. వింగ్ చున్ నిలుపులో పాదాలు లోపలికి తిరుగుతాయి కదా, ఆ తిరగడం తుంటి కీలు నుంచి రావాలి. మోకాలిని మెలిపెట్టి పాదం తిప్పితే ఆరు నెలల్లో మా దగ్గరికి వస్తారు. తొడ వణకడం, మండటం మామూలే. మోకాలి లోపల పొడిచినట్టు నొప్పి వస్తే ఆ క్షణమే ఆపి మాస్టారికి చెప్పండి.

స్ప్లిట్స్ గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. నాకు 29 ఏళ్లప్పుడు ఒక క్లాసులో చేరాను. రెండో వారంలో, ఒళ్లు వేడెక్కకుండానే, స్ప్లిట్‌లో కూర్చోబెట్టి వెనక నుంచి భుజాలు పట్టి కిందికి నొక్కారు. తొడ వెనక కండరం చిరిగింది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. సరిగ్గా నడవడానికి ఐదు నెలలు పట్టింది. ఈ వృత్తిలో ఉండి కూడా వద్దని చెప్పలేకపోయాను, గురువు కదా అని. మీరు మాత్రం చెప్పండి. ఎవరి చేతులూ మీ శరీరాన్ని బలవంతంగా సాగదీయకూడదు. ఇది ఏ విద్యకైనా వర్తిస్తుంది.

కళ్లజోడుకు వెనక కట్టుకునే పట్టీ దొరుకుతుంది, జంట సాధనకు అది చాలు. గ్లవ్స్ వేసుకుని పోరాడే రోజు వస్తే కళ్లజోడు తీసేయాలి. షుగర్‌కు మందులు మొదలుపెడితే మాత్రం క్లాసుకు ముందు ఏం తినాలో మీ డాక్టర్ గారిని అడగండి. ఎండాకాలం బెజవాడ సాయంత్రాల్లో మూసిన హాల్లో సాధన అంటే నీళ్ల సీసా తప్పనిసరి.

బెజవాడ_శిష్యుడు:

అందరికీ ధన్యవాదాలు. ఈ జవాబులన్నీ మా ఆవిడకు చదివి వినిపించాను. ఫిజియో గారి అనుభవం విన్నాక ఆమె చెప్పింది ఒక్కటే, ఎవరైనా నొక్కితే వద్దని చెప్పండి, అంతే.

రెండు చోట్లకూ మళ్లీ వెళ్లాను. గ్రౌండ్ మాస్టారు నిజాయితీగా మాట్లాడారు. తాను ప్రధానంగా కరాటే మనిషినని, పెద్దవాళ్లకు విడిగా సమయం ఇవ్వలేనని, పాపను పంపమని అన్నారు. పాపకు ఏడేళ్లు, వేసవి సెలవుల్లో పంపిస్తాను. రెండో అంతస్తు మాస్టారిని అక్క చెప్పినట్టే అడిగాను. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఆయనకు ఎవరు నేర్పారో వరసగా చెప్పుకొచ్చారు. మధ్యలో లేచి ఒక పాత ఫోటో కూడా తెచ్చి చూపించారు. గ్లవ్స్‌తో పోరు ఏడాది తర్వాత మొదలవుతుందట, ఇష్టమైతేనే. నెల ఫీజు మాత్రమే తీసుకున్నారు.

చేరాను. ఇవాళ్టికి ఐదు వారాలు. మొదటి రోజు ఎనిమిది నిమిషాలు నిలబడగలిగాను. నిన్న ఇరవై రెండు. మోకాలి సంగతి ముందే చెప్పడంతో మాస్టారు నన్ను అందరికన్నా ఎత్తులో నిలబెడుతున్నారు. మెట్ల దగ్గర నొప్పి పోలేదు, కానీ పెరగలేదు. ఇంటర్ చదివే ఒక అబ్బాయి నాకన్నా నాలుగు నెలల ముందు చేరాడు. అతన్ని అన్నా అని పిలిస్తే చాలా సిగ్గుపడ్డాడు. అయినా పిలుస్తూనే ఉన్నాను. ఇప్పుడు నా భుజం పైకి లేచినప్పుడల్లా అతనే వచ్చి వేలు ఆనిస్తున్నాడు.

కౌంటర్‌లో నోట్లు లెక్కపెడుతుంటే కూడా భుజాలు చెవుల దాకా లేచి ఉంటున్నాయని మొన్న గమనించాను. పదిహేనేళ్లుగా అలాగే కూర్చుంటున్నానేమో.

అక్కా, ఒక సందేహం. టాన్ సావ్ ముందుకు పంపేటప్పుడు కుడి మోచేయి మధ్యలోకి వస్తోంది, ఎడమది ఎంత ప్రయత్నించినా బయటికి పోతోంది. బలవంతంగా లాగితే భుజం బిగుస్తోంది. మీరేం చేశారు?

జవాబు, కౌలూన్_తెనాలి:

చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. ఆ ఫోటో చూపించారన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను.

ఎడమ మోచేయి నాకూ రెండేళ్లు సతాయించింది. మోచేతిని లోపలికి లాగొద్దు. లాగితే భుజమే ముందు పలుకుతుంది. ఇంట్లో గోడ పక్కన నిలబడండి, ఎడమ భుజం గోడకు దాదాపు తగిలేంత దగ్గరగా. అలాగే టాన్ సావ్ పంపండి. మోచేయి బయటికి పోతే గోడకు తగులుతుంది. తగిలినప్పుడు ఆపేసి, చెయ్యి వెనక్కి తెచ్చి, మళ్లీ మొదటి నుంచి, ఇంకా నెమ్మదిగా. చెయ్యి ఒక్కోసారి ముందుకు వెళ్లడానికి పది శ్వాసలు. రోజుకు పదిసార్లు చాలు, అంతకన్నా ఎక్కువ వద్దు. మూడు వారాలయ్యాక ఇక్కడే రాయండి.